టోపీ సార్ మిద్దె ఎక్కిన ఉగాది

ఆ రోజుల్లో పెనుకొండలో బస్సు దిగిన కొత్త మనిషికి తాను ఎక్కడ దిగాడో తేల్చుకోవడానికి కాస్త సమయం పట్టేది. ఊరి బయట కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, దాని వెంబడి కొరియా వాళ్ళు వచ్చారు, వాళ్ళ వెంబడి వాళ్ళ హోటళ్ళూ, గెస్ట్‌హౌసులూ, ఎర్రటి కారం పట్టించిన క్యాబేజీ డబ్బాలూ వచ్చాయి. రోడ్డు పొడవునా సున్నాలూ పుల్లలూ పేర్చినట్టుండే అక్షరాల బోర్డులు. టీ కొట్టు దగ్గర నిలబడితే తమిళ ఇంజనీర్లు, ఒడిశా నుంచి వచ్చిన వెల్డర్లు, మడకశిర వైపు నుంచి కన్నడం కలిపి మాట్లాడే డ్రైవర్లు, దర్గాకు వచ్చిన ఉర్దూ కుటుంబాలు. అందరూ తమ తమ భాషల్లో చక్కెర తక్కువ వెయ్యమని చెప్పేవాళ్ళు. టీ కొట్టాయన అందరికీ సమానంగా ఎక్కువ వేసేవాడు. అలాంటి ఊళ్ళో, డిగ్రీ పట్టా చేతికొచ్చిన కొత్తలో, నేను కొరియన్ భాష తెలిసిన అమ్మాయిగా ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తుంది. అప్పుడు వెయ్యలేదు. ఏమీ రానప్పుడు ఉండే ధైర్యం, కాస్త వచ్చాక ఉండదు.

మాది ధర్మవరం. నాయన మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. ఉద్యోగం దొరకని రోజుల్లో ఇంట్లో కండెలకు దారం చుట్టడం నా పని. చేతులు వాటంతట అవే తిరుగుతుంటాయి, కళ్ళు మాత్రం ఖాళీ. అందుకని ఎదురుగా చెంబుకు ఫోను ఆనించి కొరియా సీరియళ్ళు చూసేదాన్ని. (మా అవ్వ కూడా పక్కన చేరేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, "ఈ యమ్మి మొగుడు మంచోడు కాదు, చూస్కో" అని మొదటి భాగంలోనే తేల్చేసేది. ఎప్పుడూ తప్పలేదు.) అలా చూడగా చూడగా కొన్ని మాటలు నోటికి వచ్చాయి. కొరియా వాళ్ళుండే ఒక గెస్ట్‌హౌస్‌లో రిసెప్షన్‌కు మనిషి కావాలంటే వెళ్ళాను. మేనేజరు హిందూపురం ఆయన. మాట్లాడితే సగం తెలుగు, సగం కన్నడం. ప్రతిదానికీ "నా బీపీ పెంచొద్దండి" అంటాడు కాబట్టి చాటున అందరికీ ఆయన బీపీ సార్. "కొరియన్ గొత్తా అమ్మా?" అని అడిగాడు. "కొంచెం కొంచెం అర్థమవుతుంది సార్" అన్నాను. ఆ 'కొంచెం కొంచెం' ఆయన చెవిలో పడలేదు. మరుసటి రోజు నుంచి ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కడం, పెనుకొండలో దిగడం.

సీరియళ్ళతో నేర్చుకున్న భాషలో ఒక చిక్కుంది. ప్రేమిస్తున్నాను, నన్ను వదిలి వెళ్ళకు, నువ్వు నా కన్నకొడుకువి కాదు, పగ తీర్చుకుంటాను, చచ్చిపోతాను... ఇలాంటివన్నీ నాకు కంఠతా వచ్చు. గీజరు పని చెయ్యడం లేదు, తువ్వాలు మార్చండి, దోమల మందు ఉందా అంటే మాత్రం అయోమయం. సీరియల్లో ఎవరూ దోమల మందు అడగరు కదా! అయినా బండి నడిచిపోయేది. అతిథి ఏం చెప్పినా నడుము వంచి "నే, నే" అనేదాన్ని. (వాళ్ళ భాషలో 'నే' అంటే ఔను. మన భాషలో 'నే' అంటే సగంలో ఆగిపోయిన 'నేను'. నా పరిస్థితికి రెండూ సరిపోయేవి.) ఆ తర్వాత ఆయన చెయ్యి ఎటు చూపిస్తే అటు వాచ్‌మన్‌ను పంపేదాన్ని. ఆ వాచ్‌మన్ ముసలాయన మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడేది. గేటులోకి కుక్క వచ్చినా ఈలే, కారు వచ్చినా ఈలే. మాకు ఆయన ఈల తాత. వంట చేసేది హిందూపురం నుంచి వచ్చిన ముస్లిం ఆయన, అందరికీ మామ. నిలువెత్తు మనిషి, రోకళ్ళలాంటి చేతులు, ఎవరికి చిన్న దెబ్బ తగిలినా తానే ముందు ఏడ్చే మనసు. బీపీ సార్, ఈల తాత, మామ, నేను. ఆ గెస్ట్‌హౌస్‌కు మేమే దిక్కు.

అతిథుల్లో ఒక పెద్దాయన ఉండేవాడు. యాభై దాటిన సన్నటి మనిషి. నెత్తిన ఎప్పుడూ ఒక నీలం టోపీ, నిద్రలో కూడా తీస్తాడో లేదో తెలియదు. టోపీ సార్ అని పేరు పెట్టుకున్నాం. మిగతా వాళ్ళు భోజనాల దగ్గర పాటలు పాడేవాళ్ళు, బల్లలు చరిచి నవ్వేవాళ్ళు. ఈయన మాత్రం తిన్న గిన్నె తానే కడిగిపెట్టి, వంటగది గుమ్మంలో నిలబడి మామకు నడుము వంచి దండం పెట్టి, చప్పుడు లేకుండా గదికి వెళ్ళిపోయేవాడు. ("ఇంతవరకూ నాకెవురూ దండం పెట్టిండ్లా పాపా. మా ఇంట్లో అయితే ఉప్పెక్కువైందని తిడతారు" అని మామ ప్రతిసారీ పొంగిపోయేవాడు.) అంతకు మించి ఆయన సంగతి మాకేమీ తెలియదు. పెళ్ళయిందో లేదో, పిల్లలున్నారో లేరో, అడిగే భాష నా దగ్గర లేదు. నా దగ్గరున్న భాషలో అడగగలిగింది 'నీ కన్నతండ్రి ఎవరు' అనే ఒక్కటే.

ఆ యేడు ఉగాదికి ఫ్యాక్టరీ సెలవు. అతిథులంతా ముందురోజే బెంగళూరు వెళ్ళిపోయారు, టోపీ సార్ తప్ప. ఆయన ఒక్కడి కోసం పండగ పూట మేమంతా డ్యూటీలో ఉండాల్సి వచ్చింది. ఇంట్లో అమ్మ ఓళిగలు, అదే బొబ్బట్లు, చేస్తుంటే నేను ఖాళీ రిసెప్షన్‌లో ఈగలు తోలుకోవాలా అని నాకు ఒళ్ళు మండింది. అమ్మ కట్టిచ్చిన డబ్బాలో తొలి వాయి ఓళిగలూ, ఉగాది పచ్చడీ ఉన్నాయి. పండగ కదా, పాపం అనుకుని టోపీ సార్ అరచేతిలో కొంచెం పచ్చడి వేశాను. ఆయన రెండు చేతులూ జోడించి పుచ్చుకుని ఒక్కసారిగా మింగేశాడు. మరుక్షణం కళ్ళ నిండా నీళ్ళు. వేపపూత ఎక్కువైంది కాబోలు అనుకుని "క్వెన్‌చనయో?" అన్నాను, ఏం పరవాలేదా అని. "నే, నే" అన్నాడు. అచ్చం నేను అతిథులతో అనే 'నే'లాగే ఉంది.

ఆయన ఆ పూట టిఫిను ముట్టలేదు. ఫోను చూస్తాడు, లేస్తాడు, గుమ్మం దాకా పోతాడు, వెనక్కి వచ్చి కూర్చుంటాడు, మళ్ళీ లేస్తాడు. ఆ ఉదయమే వైఫై పోయింది. ఉన్నది ఒక్క అతిథే కదా, పండగ అయ్యాక చూద్దాంలే అన్నాడు బీపీ సార్. టోపీ సార్ నా దగ్గరికి వచ్చి, ఫోను చూపించి, గొంతు తగ్గించి చాలాసేపు ఏదో చెప్పాడు. నేను "నే, నే" అని వంగాను. ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. గదికి పోయాడు కాబోలు అనుకున్నాను.

కాసేపటికి బయట ఈల మోగింది. కుక్కకు ఊదే ఈల కాదు, కారుకు ఊదే ఈలా కాదు. ఊపిరి తీసుకోకుండా ఊదుతున్నాడు తాత. మధ్యలో ఒక కేక. "పాపా! బిర్న రా పాపా! టోపీ సారు మిద్దె మీద ఉండాడు! పిట్టగోడెక్కినాడు!"

నేను, మామ, బీపీ సార్ ముగ్గురం ఒకేసారి గుమ్మంలో ఇరుక్కుని, ఒకరినొకరు తోసుకుని బయటపడ్డాం. తలెత్తి చూస్తే రెండంతస్తుల మీద, ఆకాశానికి ఆనుకుని, టోపీ సార్. నెత్తిన టోపీ లేదు. అదే మొదటిసారి ఆయన జుట్టు చూడటం. సగం నెరిసిన జుట్టు గాలికి లేస్తోంది. ఒక కాలు పిట్టగోడ మీద. ఒక చెయ్యి పైకెత్తి ఉంది, ఆ చేతిలో ఏదో ఉంది. పొద్దున ఆయన కళ్ళలోని నీళ్ళు, ముట్టని టిఫిను, నా మొహంలోకి చూసిన చూపు, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి.

"అయ్యో దేవరే!" అన్నాడు బీపీ సార్, గుండె పట్టుకుని. "ఏమమ్మా, నీకు కొరియన్ గొత్తల్లా? పో, పోయి మాట్లాడు! తాతా, నువ్వు పరుపులు తీస్కరా! రూముల్లో పరుపులన్నీ ఈడ పరువు!"

ఈల తాత ఈల నోట్లోనే పెట్టుకుని పరుపుల కోసం పరుగెత్తాడు. మామ, నేను మెట్లెక్కాం. బీపీ సార్ మా వెనకాల ఒక్కో మెట్టుకూ ఒక్కో దేవుణ్ణి పిలుస్తూ వచ్చాడు. మిద్దె తలుపు దగ్గర మామ నన్ను ఆపాడు. "మెల్లగా పాపా. గట్టిగా అరస్తే బెదురుకుంటాడు. నువ్వు మాట్లాడుతా ఉండు, నేను ఎనక నుంచి పోయి పట్టుకుంటా" అని చెవిలో చెప్పాడు. తలుపు తోసి ఎండలోకి అడుగుపెట్టాను. సిమెంటు కాలిపోతోంది. చెప్పులు కిందే వదిలేసి వచ్చానని అప్పుడు తెలిసింది.

"సార్" అన్నాను. ఆయన తిరిగి చూశాడు. మొహమంతా తడి. "వేయో?" అని అడిగాను. ఎందుకు అని. సీరియల్లో ఇలాంటి చోట ఇదే అడుగుతారు. ఆయన ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని గబగబా ఏదో చెప్పాడు. ఒక్క మాటా అందలేదు. చివరి మాట మాత్రం అందింది. "చుగెస్సో." ఆ మాట నాకు తెలుసు. ఆ మాట అన్న హీరోయిన్ తర్వాతి భాగంలో ఆసుపత్రి మంచం మీద ఉంటుంది.

"ఏమంటాండాడు?" అని తలుపు చాటు నుంచి బీపీ సార్ గొంతు.

"చచ్చిపోతా అంటాండాడు సార్."

తలుపు వెనక ధబ్బుమని చప్పుడైంది. బీపీ సార్ మెట్ల మీద కూలబడ్డాడు. కింద నుంచి ఈల మోగింది, పరుపులు పరిచానని తాత చెప్పడం. నేను ఏం మాట్లాడాలో తెలియక నాకొచ్చిన వాక్యాలన్నీ వరసగా అప్పజెప్పాను. వదిలి వెళ్ళకు అన్నాను. నేనున్నాను అన్నాను. (అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నోటికి వచ్చిన ఊపులో 'నిన్ను ప్రేమిస్తున్నాను' అని కూడా అనేశాను.) టోపీ సార్ ఏడుపు ఆపి నన్ను విచిత్రంగా చూశాడు. ఆ క్షణంలో మామ వెనక నుంచి వచ్చి, ఆ రోకళ్ళలాంటి చేతులతో ఆయన్ని చుట్టేసి, గాల్లోకి లేపి, మిద్దె మధ్యలోకి లాగేశాడు. ఆయన చేతిలో ఉన్నది జారి పిట్టగోడ అవతల పడింది.

అది ఫోను.

టోపీ సార్ అరిచిన అరుపు నేను ఏ సీరియల్లోనూ వినలేదు. మామ పట్టు విడిపించుకోవడానికి కాళ్ళు కొట్టుకుంటున్నాడు, పిట్టగోడ వైపు చేతులు చాస్తున్నాడు. "సార్, వద్దు సార్, మా మాటినండి సార్" అని మామ తానూ ఏడుస్తూ ఇంకా గట్టిగా బిగించాడు. నేను పరుగెత్తుకెళ్ళి ఆయన నిలబడ్డ మూలలో నుంచి కిందికి వంగి చూశాను. కింది గది కిటికీ మీది సిమెంటు సజ్జ అంచున ఫోను వెల్లకిలా పడి ఉంది. సరిగ్గా అప్పుడే నా చేతిలోని ఫోను టింగుమంది. మళ్ళీ టింగుమంది. ఆగకుండా టింగు టింగుమని మోగుతూనే ఉంది. పొద్దున్నుంచీ రాని ఉగాది శుభాకాంక్షలన్నీ కట్ట తెగినట్టు వచ్చి పడుతున్నాయి. మామిడి తోరణాలు, కోకిలలు, పచ్చడి గిన్నెలు. నేను ఒకడుగు వెనక్కి వేశాను. టింగు ఆగింది. ముందుకు వేశాను. మళ్ళీ మొదలైంది.

"మామా, వదులు!" అని అరిచాను. "ఈ మూలలోనే సిగ్నల్ ఉండాది. సారు ఫోను కోసం వచ్చినాడు, దూకనీకి కాదు!"

మామ చేతులు వదిలేశాడు. టోపీ సార్ నేల మీద పడ్డాడు. నాకు అప్పుడు గుర్తొచ్చింది, నా ఫోన్లో తర్జుమా చేసే యాప్ ఒకటుందని. (ముందే ఎందుకు గుర్తు రాలేదని మీరు అడుగుతారు. బీపీ సార్ కూడా ఆ తర్వాత వారం రోజులు అదే అడిగాడు. కొరియన్ తెలిసిన అమ్మాయినని నేనే నమ్మేసినట్టున్నాను.) ఆయన్ని ఆ మూలకు పిలిచి, యాప్ తెరిచి నోటి దగ్గర పెట్టాను. ఆయన వగరుస్తూ రెండు ముక్కలు చెప్పాడు. ఫోను కాసేపు గిర్రున తిరిగి, రైల్వే స్టేషన్లో ప్రకటన చేసే గొంతుతో తెలుగులో పలికింది. "ఇంటి మనిషి శస్త్రచికిత్స అందుకుంటున్నాడు. తలుపు మూసి చాలా కాలం అయ్యింది."

"ఇంటి మనిషంటే ఎవురు?" అన్నాడు బీపీ సార్, పాక్కుంటూ మిద్దె మీదికి వచ్చి. "మన వాచ్‌మనా?"

మామ అప్పటికే నుదురు కొట్టుకున్నాడు. "ఇంటిమనిషి అంటే ఇంటామె గదా సార్! పెళ్ళాం! ఆయమ్మకు ఆపరేషన్ జరగతాండాది. యా అల్లా, నేనేం పని జేసినాను!" "వైఫ్?" అని ఆయన మొహంలో మొహం పెట్టి అడిగాడు. టోపీ సార్ తల ఊపాడు. "వైఫ్" అన్నాడు. తన గుండె మీద చెయ్యి పెట్టి, "హియర్" అన్నాడు. అప్పుడు సజ్జ మీద ఫోను మోగడం మొదలుపెట్టింది.

ఐదుగురు మనుషులున్నాం. ఒకరి చెయ్యీ అందదు. మోగుతోంది. టోపీ సార్ పిట్టగోడ మీదికి బోర్లా వంగాడు. ఇంతకుముందు దూకుతాడని ఆయన్ని లాగినవాళ్ళమే ఇప్పుడు ఆయన నడుము పట్టుకుని కిందికి దించుతున్నాం. ఇంకా జానెడు తక్కువ. మోగుతోంది. మామ గది తుడిచే మాప్ కర్ర తెచ్చి, కింద నిలబడ్డ తాత ఈల వేసి దారి చూపిస్తుంటే, ఫోనును మెల్లగా గోడ వైపుకు జరపబోయాడు. ఈల ఒకసారి అంటే కుడి, రెండుసార్లంటే ఎడమ అని తాత లెక్క. ఆ లెక్క మామకు తెలియదు. ఫోను మోత ఆగిపోయింది. కర్ర తగిలింది. ఫోను అంచు మీద ఒక్క క్షణం ఊగి, కిందికి పోయింది. టోపీ సార్ కళ్ళు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను.

కింద నుంచి చప్పుడేమీ రాలేదు. తర్వాత తాత గొంతు వచ్చింది. "పరుపు మీద పడిండాదప్పా! బతికుండాది!"

తాత ఆ ఫోనును పసిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. అద్దం మూలన పగిలింది గానీ వెలుగుతోంది. టోపీ సార్ దాన్ని పట్టుకుని ఆ మూలలోకి ఉరికాడు. మేం కూడా ఆయన చుట్టూ చేరాం. తెర మీద అందుకోని కాల్స్ వరసగా పడ్డాయి. తిరిగి చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. పగిలిన అద్దం మీద ఒక నొక్కు తప్పిపోయింది. మామ చేతులు పైకెత్తి పెదవులు కదుపుతున్నాడు. తాత ఊరి కొండ వైపు తిరిగి దండం పెడుతున్నాడు. బీపీ సార్ తన బీపీ సంగతి మరిచిపోయాడు. నాకు ఆ మనిషి పేరు కూడా సరిగ్గా పలకడం రాదు, అయినా ఆ ఫోను ఎవరైనా ఎత్తాలని నాలో నేనే గొణుక్కుంటున్నాను.

ఫోను మోగింది. వీడియో కాల్. ఒక అమ్మాయి మొహం, నా వయసే ఉంటుంది. ఏడుస్తోంది. నోరు తెరిచింది. బొమ్మ అక్కడే ఆగిపోయింది.

ఆగిపోయిన ఆ ఏడుపు మొహాన్ని అందరం చూస్తూ నిలబడ్డాం. ఏ ఏడుపు అది? మా అవ్వ పక్కనుంటే చెప్పేదేమో. టోపీ సార్ ఫోను పైకెత్తాడు, కిందికి దించాడు, పిట్టగోడ ఎక్కాడు. ఈసారి ఎవరూ వద్దనలేదు. మామ ఒక కాలు పట్టుకున్నాడు, తాత ఇంకో కాలు పట్టుకున్నాడు. ఎండలో ఫోనును ఆకాశం వైపు ఎత్తి పట్టుకున్నాడు. బొమ్మ కదిలింది.

అమ్మాయి ఏడుస్తూనే నవ్వుతోంది. ఫోనును అటు తిప్పింది. తెల్లటి పక్క, ముక్కులో గొట్టం, నెత్తికి పల్చటి ఆకుపచ్చ గుడ్డ, సగం తెరిచిన కళ్ళు. ఆమె చాలాసేపు తెర వైపు చూసింది. మిట్టమధ్యాహ్నం జుట్టు రేగిపోయి, పిట్టగోడ మీద నిలబడి, కాళ్ళకు ఇద్దరు మనుషులు వేలాడుతున్న మొగుణ్ణి చూసి ఏమనుకుందో గానీ, ఎండిపోయిన పెదవులు కదిపింది. గొంతు గాలిలా ఉంది. "బాప్ మొగొస్సొ?"

నాకు అర్థమైంది. యాప్ లేదు, ఊహ లేదు, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అర్థమైంది. అది సీరియళ్ళలో ప్రతి తల్లీ, ప్రతి భార్యా అనే మాట.

"ఏమంటాండాది పాపా?" అని మామ పట్టుకున్న కాలు వదలకుండానే అడిగాడు. "ఏమంటాండాది, చెప్పు!"

"అన్నం తింటివా అని అడగతాండాది మామా."

టోపీ సార్ పిట్టగోడ మీద నుంచి దిగి, గోడకు ఆనుకుని కూర్చుని, ఫోనును రెండు చేతుల్లో పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతుంటే కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. "మొగొస్సొ, మొగొస్సొ" అన్నాడు, తిన్నాను తిన్నాను అని. అబద్ధం. ఆమె నమ్మలేదు. మత్తు పూర్తిగా వదలకపోయినా కనుబొమ్మలు ముడిపడ్డాయి. మామ అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. ఆ బరువు మనిషి అంత వేగంగా దిగడం నేనెప్పుడూ చూడలేదు. చిత్రాన్నం, నా డబ్బాలోని ఓళిగలు, ఒక గిన్నెడు పెరుగన్నం, ఏది చేతికందితే అది తెచ్చాడు. పెరుగన్నం గిన్నె నా చేతిలో పెట్టి, పళ్ళెం ఆయన ముందు పెట్టాడు. టోపీ సార్ పళ్ళెం ఎత్తి తెరకు చూపించి, ఓళిగను నాలుగు మడతలు వేసి నోట్లో కుక్కుకుని, బుగ్గలు ఉబ్బించి పెళ్ళాం వైపు చూశాడు. అటువైపు ఆమె కనుబొమ్మలు విడిపోయాయి. కళ్ళు మూసుకుంది, పడుకుంది. కూతురు ఇంకేదో చెప్పింది. అంతా బాగుందని కాబోలు, ఎందుకంటే ఆయన లేచి నిలబడి, నోటి నిండా ఓళిగతో, పెనుకొండ కొండ వైపు తిరిగి ఒక పెద్ద కేక పెట్టాడు. దానికి ఏ భాషా లేదు. ఈల తాత ఏం చెయ్యాలో తోచక గుండెల నిండా ఊపిరి పీల్చి ఈల ఊదాడు. రోడ్డు మీద పోతున్న ఆటో ఆగింది. ఎదురింటి వాళ్ళు బయటికొచ్చారు. టోపీ సార్ మామ దగ్గరికి వెళ్ళి, తనను ఎలా చుట్టేశాడో అలాగే ఆయన్ని చుట్టేసి, గాల్లోకి లేపబోయాడు. మామ బెత్తెడు కూడా లేవలేదు. ఇద్దరూ అలాగే పట్టుకుని ఏడ్చారు.

ఎండ కాస్త తగ్గాక, ఆ సిగ్నల్ మూలలోనే కూర్చుని, యాప్ మధ్యలో పెట్టుకుని అన్నీ తేల్చుకున్నాం. ఆయన మిద్దె మీద నాతో అన్నది 'వణుకుతో చచ్చిపోతున్నాను' అని. భయానికీ సంతోషానికీ ఆకలికీ దేనికైనా వాళ్ళు అలాగే అంటారట. నాకు తల కొట్టేసినట్టైంది. మా ఇంట్లో అవ్వ ఎండకు సచ్చిపోతాండా అంటుంది, దోమలకు సచ్చిపోతాండా అంటుంది, నేను కుదురుగా కూర్చోకపోతే నీతో సచ్చిపోతాండా అంటుంది. ఒక్కసారి కూడా మేం పరుపులు పరవలేదు. టోపీ సార్ కూడా ఒకటి అడిగాడు. యాప్ చదివింది. "మీరు నన్ను ప్రేమిస్తున్నారు అని చెప్పారు. ఎందుకు?" మామ చిత్రాన్నం గొంతుకు అడ్డం పడి దగ్గాడు. నేను నడుము వంచి "నే, నే" అన్నాను. టోపీ సార్ పడీ పడీ నవ్వాడు.

ఆ సాయంత్రం ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చుని ధర్మవరం దాకా ఒక్కదాన్నే నవ్వుకుంటూ పోయాను. ఎదురుగా కూర్చున్న ఆమె బిడ్డను దగ్గరికి లాక్కుంది. మధ్యలో అమ్మకు ఫోన్ చేసి "అన్నం తింటివామ్మా?" అని అడిగాను. అమ్మ గొంతు తగ్గించి, "ఏం జేసినావే? ఉద్యోగం పోయిందా?" అంది.

ఉద్యోగం పోలేదు. ఎండాకాలం ముగిసేలోపే టోపీ సార్ తన దేశం వెళ్ళిపోయాడు. కారెక్కే ముందు మా నలుగురికీ విడివిడిగా నడుము వంచాడు. ఈల తాత కూడా తిరిగి వంగబోయి నడుము పట్టేసుకున్నాడు. నేను ఆ యేడే భాష నేర్పే చోట చేరి మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు హిందూపురంలో ఒక ఆఫీసులో కొరియన్ తర్జుమా చేసే పని. గీజరూ తువ్వాలూ దోమల మందూ అన్నీ తెలుసు. మీటింగుల్లో పెద్దలు మాట్లాడుతుంటే కాగితం చూడకుండా అటుదిటు, ఇటుదటు చెప్పేస్తాను. ఆ రోజు జరిగింది ఇప్పుడు జరిగి ఉంటే, మిద్దె దాకా పోయేదే కాదు. రిసెప్షన్‌లోనే విషయం కనుక్కుని, సిగ్నల్ ఉన్న చోటు చూపించి, ఆమె పేరేమిటి, ఆపరేషన్ ఎలా జరిగింది, ఇంటికి ఎప్పుడు పంపుతారు అని మర్యాదగా, ఒక్క తప్పు లేకుండా అడిగి ఉండేదాన్ని. అప్పటి నాకు, ఆ పిల్లకు, అవేవీ వచ్చేవి కావు. కాలిపోతున్న సిమెంటు మీద ఉత్తి కాళ్ళతో నిలబడి, పేరు తెలియని ఒక మనిషి ఓళిగ తింటుంటే చూస్తూ, పెరుగన్నం గిన్నెలోకి కన్నీళ్ళు కారిపోతున్నా తెలియకుండా నవ్వింది, అంతే. అప్పుడప్పుడు మీటింగు మధ్యలో ఆ పిల్ల గుర్తొస్తుంది. నేను చెప్పాల్సిన వాక్యం మరిచిపోయి ఒక్క క్షణం ఆగిపోతాను. అందరూ నా వైపు చూస్తారు. నేను నవ్వాపుకుని, గొంతు సవరించుకుని, చాలా శుద్ధమైన కొరియన్‌లో క్షమించమని అడుగుతాను.